నలభై ఐదు సెకన్ల బడి

ఆ రోజు ఆ ఇంట్లో మొత్తం ఆరుగురు ఉన్నారు. నాన్న, అమ్మ, నానమ్మ, పదిహేనేళ్ళ పిట్ట, వీళ్ళు కాక దేశం అప్పు తీర్చడానికి వచ్చిన మరో ఇద్దరు.

పిట్ట అసలు పేరు బడి రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా వినబడదు. బయటి మనిషి అలికిడి అయితే చాలు, తలుపు చాటుకు ఎగిరిపోతుందని నానమ్మ పెట్టిన పేరది. ఇంట్లోవాళ్ళతో గలగలా మాట్లాడే పిల్ల, కొత్తవాళ్ళు గుమ్మం తొక్కగానే నాలుక అంగిట్లో అంటుకుపోయినట్టు నిలబడిపోతుంది. బడిలో కూడా హాజరు పలకడం తప్ప పెద్దగా నోరు విప్పదు. లెక్కలు మాత్రం టీచరమ్మ బోర్డు మీద రాయడం పూర్తయ్యే లోపు చేసేస్తుంది.

దేశం అప్పు తీర్చేవాళ్ళు ఇంటికి రావడానికి కారణం ఉంది. నాన్న పొదుపు కమిటీ ఆఫీసులో సూపరింటెండెంటు. ప్రభుత్వం పెట్టే ఖర్చుల్లో ఎక్కడ కోత పెట్టవచ్చో వెతకడం ఆ కమిటీ పని. పోయిన నెల ఎంత వెతికినా ఏమీ దొరక్క, కమిటీ తన సమావేశం గదినే కోసేసుకుంది. కరెంటు, అద్దె, ఊడ్చే మనిషి జీతం అన్నీ కలిసి బాగానే ఆదా అయింది. ఇక సమావేశం ఎక్కడ పెట్టుకోవాలన్నది మాత్రం సమావేశం తేదీ దగ్గర పడేదాకా ఎవరికీ తట్టలేదు. ఎవరింట్లో అన్న మాట వచ్చినప్పుడు అందరూ పైకప్పు వైపు చూశారు. నాన్న ఒక్కడే ఎదుటివాళ్ళ ముఖాల వైపు చూసి దొరికిపోయాడు.

పొద్దున వేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. పదింటికి కూర్చోవడం, పన్నెండుకల్లా సంతకాలు చేయడం, ఐదింటి లోపు జాబితా పై ఆఫీసులో ఇచ్చి రావడం. అంతే.

"టీ ఎన్నిసార్లు పెట్టను?" అని అడిగింది అమ్మ.

"ఒక్కసారి చాలు. పొదుపు కమిటీ కదా."

"టీపొడి డబ్బులు ఆఫీసువాళ్ళు ఇస్తారా?"

"టీ ఖర్చు పోయినేడాదే తీసేశాం."

"ఎవరు తీసేశారు?"

"ఆ కాగితం నేనే రాశాను" అన్నాడు నాన్న, కాస్త గర్వంగానే.

అమ్మ గిన్నెలో పోసిన నీళ్ళలోంచి ఒక గ్లాసుడు వెనక్కి తీసేసింది.

సరిగ్గా పదింటికి కమిటీ అధ్యక్షుడు దిగాడు. అందరూ ఆయన్ను పెద్దాయన అంటారు. తెల్లటి జుట్టు, మెత్తటి గొంతు, ముప్ఫై ఏళ్ళుగా ఏదో ఒక కమిటీలో కూర్చుని కూర్చుని వంగిపోయిన నడుము. ఆయన అద్దె కారులో వచ్చాడు. ఆయన డ్రైవరు ఉద్యోగాన్ని కిందటి సమావేశంలో ఆయనే తీసేశాడు, ఆయనకేమో బండి నడపడం రాదు. అందువల్ల ప్రభుత్వం కారు షెడ్డులో చల్లగా నిద్రపోతుంటే, అద్దె కారు వాకిట్లో గంటకింత అని డబ్బులు తింటూ నిలబడింది. ఆయన వెనకే రెండో సభ్యురాలు వచ్చింది. ఆమెను ఆఫీసులో కత్తెర మేడం అంటారు, ఎదురుగా మాత్రం ఒట్టి మేడం. ఎవరో ఆమెకు పెళ్ళి శుభలేఖ ఇస్తే, భోజనాల సంఖ్య సగానికి తగ్గించమని ఎర్ర సిరాతో రాసి తిప్పి పంపిందని చెప్పుకుంటారు.

ముందు గదిలో ఇద్దరూ బల్లకు అటొకరు ఇటొకరు కూర్చున్నారు. నాన్న మధ్యలో ఫైలు పట్టుకుని నిలబడ్డాడు. టైపు చేసే ఆమె ఉద్యోగం కూడా తీసేశారు కాబట్టి, జాబితాను చేత్తో మూడు ప్రతులు రాసే పని పిట్ట మీద పడింది. లోపలి గదిలో నేల మీద పీట ముందు కూర్చుని ఆమె రాయడం మొదలుపెట్టింది. మొదటి వరుసలోనే ప్రభుత్వం ఆజ్ఞ ఉంది. ఈ ఏడాది కోతల మొత్తం నలభై రెండు కోట్లు ఉండాలి, చిల్లిగవ్వ తగ్గినా జాబితా తిప్పి పంపబడును. ఆ కింద రెండువందల పన్నెండు కోతలు. మొత్తం సరిగ్గా నలభై రెండు కోట్లు.

పిట్ట చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. రెండువందల పదకొండు వరకు ముత్యాలు వరుసగానే పడ్డాయి. రెండువందల పన్నెండో దగ్గర కలం ఆగిపోయింది.

"క్వార్టర్స్ బడి. పిల్లలు పందొమ్మిది మంది. మూసివేత. ఏడాదికి ఆదా తొమ్మిది లక్షలు."

ఆ బడి పిట్టది. పందొమ్మిది మందిలో ఆమె ఒకతె. ఒకప్పుడు వీళ్ళ ఇల్లున్న ఈ ఉద్యోగుల క్వార్టర్స్‌లో నలభై కుటుంబాలు ఉండేవి, బడిలో నిలబడటానికి చోటు ఉండేది కాదు. కమిటీ ఉద్యోగాలు తీసేసినకొద్దీ కుటుంబాలు సామాన్లు కట్టుకుని వెళ్ళిపోయాయి, వాళ్ళ వెంట పిల్లలూ వెళ్ళిపోయారు. ఇప్పుడు పిల్లలు లేరు కాబట్టి బడీ వద్దట. ఇంకో బడి పధ్నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది. దానికి వెళ్ళే బస్సును పోయినేడాది జాబితాలో నూట నలభై మూడో వరుసలో ఎత్తేశారు. ఈ బడి పోతే పిట్ట పదో తరగతి ఉండదు. పదో తరగతి లేకపోతే ఆ తరువాతది ఏదీ ఉండదు.

నాన్న మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వచ్చినప్పుడు పిట్ట అడ్డం నిలబడింది.

"నాన్నా, రెండువందల పన్నెండు మన బడి."

"తెలుసు తల్లీ."

"తెలిసి రాశావా?"

"ఇరవై మందికి తక్కువుంటే మూసేయాలని రూలు. ఆ రూలు రాసింది నేనే. మన పిల్ల చదువుతోందని మన బడి వదిలేస్తే, నలుగురిలో ఏ ముఖం పెట్టుకుని తిరగను?"

"ఒక్కరే కదా నాన్నా తక్కువ!"

మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న నానమ్మ అందుకుంది. "ఒక్కళ్ళయితే నన్ను చేర్పించరా. నాకూ చదువు రాదుగా."

"అమ్మా, నువ్వూరుకో. ఇది దేశం అప్పు సంగతి. చుక్క చుక్క కలిస్తేనే చెరువు నిండేది" అన్నాడు నాన్న.

"నిండేది సరేరా, తూము ఎక్కడుందో చూశారా ఎవరైనా?"

నాన్న నీళ్ళు తాగి, గ్లాసు పెట్టి, గొంతు తగ్గించాడు. "చూడు తల్లీ. ఆ తొమ్మిది లక్షలు ఇంకెక్కడైనా దొరికితే బడి కొట్టేసి అది రాస్తా. కానీ ఆ మాట వాళ్ళు అనాలి. నేను అంటే సొంతానికి అన్నట్టుంటుంది. నీకేమైనా తోస్తే నువ్వే వచ్చి చెప్పు."

"నేనా?" అంది పిట్ట. 

ఆమె చెప్పలేదు, రాసింది. నోటుపుస్తకంలోంచి అరచేయంత ముక్క చింపి, చేతిరాత నాన్న గుర్తు పట్టకుండా అచ్చులాంటి అక్షరాలతో ఇలా రాసింది. "క్వార్టర్స్ నీళ్ళ మోటారు రోజుకు పది గంటలు తిరుగుతోంది. ఇళ్ళు సగం ఖాళీ. ట్యాంకు నిండి దారి మీదకు పొర్లుతోంది. నాలుగు గంటలు చాలు. ఏడాదికి తొమ్మిది లక్షలు మిగులుతాయి. అప్పుడు బడి మూయనక్కర్లేదు." రోజూ ఆ పొర్లిన నీళ్ళలో చెప్పులు తడుపుకుంటూ బడికి వెళ్ళే మనిషి కాబట్టి ఆమెకు ఆ లెక్క బాగా తెలుసు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, పెద్దాయనకు వెళ్ళే టీ సాసరులో, కప్పు కింద పెట్టింది.

పెద్దాయన కప్పు ఎత్తాడు, కాగితం చూశాడు, చదివాడు. అమ్మ పక్కన నిలబడి ఉంది, ఆమె రాసి ఉండదు. నాన్న అయితే తలవంచుకుని ఫైలు కుడుతున్నాడు. ఇక మిగిలింది మేడం ఒక్కతే. మనసులో మాట నోటితో చెబితే తన సలహాను తనే పొగుడుకున్నట్టు ఉంటుందని ఇలా పంపి ఉంటుంది అనుకున్నాడు ఆయన.

"ఆహా మేడం! మోటారు సంగతి భలే పట్టారు. ఇన్నేళ్ళలో మాకెవరికీ తట్టలేదు."

మేడానికి మోటారేమిటో తెలియదు. కానీ పెద్దాయన తన సొంత ఆలోచనను మర్యాద కోసం ఆమె ఖాతాలో వేస్తున్నాడని అనుకుంది. పొగడ్త ఆఫీసులో చాలా అరుదుగా దొరికే వస్తువు. దాన్ని వెనక్కి ఇచ్చే అలవాటు ఆమెకు లేదు.

"ఏదో సార్, చూస్తుంటే కనబడింది" అంది.

బడి కొట్టివేత, మోటారు రాత క్షణాల్లో అయిపోయాయి. తలుపు సందులోంచి చూస్తున్న పిట్టకు ఎగిరి గంతేయాలనిపించింది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ మేడం సంచిలోంచి ఫోను తీసింది.

"అమలు చేయని పొదుపు పొదుపే కాదు సార్. ఇప్పుడే చెప్పేస్తా" అని నీళ్ళ విభాగానికి ఫోను చేసింది. "ఇవాళ్టి నుంచే. రోజుకు నాలుగే గంటలు. పొద్దున ఐదు నుంచి తొమ్మిది."

అప్పటికి పదకొండు కావస్తోంది. అంటే ఆ రోజు నీళ్ళు రెండు గంటల కిందటే అయిపోయాయన్నమాట. నీళ్ళ విభాగంవాళ్ళు మోటారుతో పాటు ట్యాంకు నుంచి ఇళ్ళకు వచ్చే గొట్టం కూడా కట్టేశారు. వంటింట్లో అమ్మ చేతులకు, ముఖానికి, కప్పులకు సబ్బు నురగ ఉంది. కుళాయి ఒకసారి దగ్గింది, రెండోసారి నిట్టూర్చింది, ఊరుకుంది.

"ఏమండీ!" అని కేకేసింది అమ్మ.

"సమావేశం జరుగుతోంది" అన్నాడు నాన్న.

"జరగనివ్వండి. ఈ నురగ ఎలా కడుక్కోవాలో కూడా మీ కమిటీనే చెప్పమనండి."

పిట్ట తాగేనీళ్ళ బిందెలోంచి రెండు చెంబులు పోసి అమ్మ చేతులు కడిగింది. తప్పు తనదని చెప్పలేదు. అమ్మ కళ్ళలోకి పడిన సబ్బు వల్ల అమ్మకూ ఎక్కువ అడిగే తీరిక లేదు.

పన్నెండింటికి, అంటే అసలు ఏర్పాటు ప్రకారం సంతకాలు కావాల్సిన వేళకు, నీళ్ళ విభాగం నుంచి ఫోను వచ్చింది. మోటారు గంటలు తగ్గిస్తే దాన్ని నడిపే మనిషి పూర్తి ఉద్యోగి కాకుండా పోతాడు. అలా పోయినవాడికి రూలు ప్రకారం నష్టపరిహారం ఇవ్వాలి. అది ఆరు లక్షలు.

"ఆ రూలు ఎవరు పెట్టారు?" అని మండిపడింది మేడం.

నాన్న ఫైలు తిరగేసి నెమ్మదిగా తలెత్తాడు. "కిందటి కమిటీ అండి."

"కిందటి కమిటీలో ఎవరున్నారు?"

పెద్దాయన దగ్గాడు.

తొమ్మిదిలోంచి ఆరు పోతే మిగిలింది మూడు లక్షలు. మొత్తం ఆరు లక్షలు తగ్గింది. కొట్టేసిన బడిని నాన్న మళ్ళీ పైకి తేవాల్సి వచ్చింది. కొట్టివేత గీత మీద ఇంకో గీత గీసి, పక్కన "ఉన్నది ఉన్నట్టే" అని రాశాడు. తలుపు సందులోంచి పిట్ట అది చూసింది. వాళ్ళకు ఆరు లక్షలు కావాలి, అంతే కదా. ఆరు లక్షలు ఎక్కడ దొరుకుతాయి?

రెండో టీ పెట్టమని ఆమే అమ్మను బతిమాలింది. బిందెలో మిగిలిన నీళ్ళు సరిగ్గా దానికే సరిపోయాయి. ఈసారి కాగితం మేడం కప్పు కింద పెట్టింది. "ఈ వరుసలో ఖాళీగా ఉన్న ఇరవై రెండు ఇళ్ళకూ కరెంటు వస్తూనే ఉంది. ఎవరూ లేని ఇళ్ళల్లో లైట్లు వెలుగుతున్నాయి. అవి తీసేస్తే ఆరు లక్షలు."

మేడం చదివి, పెద్దాయన వైపు మెచ్చుకోలుగా చూసింది. ముసలాయన ముందు మోటారు ఇచ్చాడు, ఇప్పుడు ఇళ్ళు కూడా ఇస్తున్నాడు. ఈయన చూపు మామూలుది కాదు.

"సార్, మీ కంటికి దేశంలో ఒక్క బల్బు కూడా తప్పించుకోలేదు."

పెద్దాయనకు బల్బేమిటో తెలియదు. కానీ ఇందాక తను పొగిడినందుకు ఆమె బదులు తీర్చుకుంటోంది కాబోలు అనుకున్నాడు. "అబ్బే, అంతా మీ చలవే" అన్నాడు. వంటింట్లోకి అదంతా వినబడుతోంది.

"వీళ్ళిద్దరూ ఏమిటే పిట్టా, ఒకరి వీపు ఒకరు గోక్కుంటున్నారు?" అంది నానమ్మ.

పిట్ట నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

మేడం మళ్ళీ ఫోను తీసింది. కరెంటువాళ్ళు ఎన్నడూ లేనంత చురుగ్గా పని చేశారు. పావుగంటలో ముందు గదిలో ఫ్యాను నెమ్మదించి, రెక్కలు విడివిడిగా కనబడి, ఆగిపోయింది. వరుస మొత్తానికి లైను ఒక్కటే. ఖాళీ ఇళ్ళు వేరు చేసేదాకా అందరిదీ తీసేశామని కరెంటాయన ఫోనులో చెప్పాడు.

"వేరు చేయండి మరి!" అంది మేడం, నుదుటి చెమట తుడుచుకుంటూ.

"నేలలో కేబులు తవ్వి కొత్తది వేయాలండి. పదకొండు లక్షలవుతుంది."

ఆరు మిగల్చడానికి పదకొండు. గది ఒక్కసారిగా ఉడికిపోయింది. పెద్దాయన చొక్కా వీపుకు అంటుకుపోయింది. నాన్న ఫైలు అట్టతో ఆయనకు విసరడం మొదలుపెట్టాడు. ఎంత విసిరినా గాలి రాలేదు, కాగితాలు మాత్రం లేచిపోయాయి.

"సార్, ఈ కరెంటు ఉత్తర్వు వెనక్కి తీసుకుంటే?" అన్నాడు నాన్న భయం భయంగా.

"ఇచ్చిన ఉత్తర్వు వెనక్కి తీసుకోవాలంటే, ఎందుకిచ్చామో విచారించాలి. విచారించాలంటే ఇంకో కమిటీ వేయాలి. దాని ఖర్చు ఎంతవుతుందో తెలుసా?" అంది మేడం.

నాన్నకు తెలుసు.  మోటారు వల్ల మూడు వచ్చింది, కరెంటు వల్ల ఐదు పోయింది. బడి తీసేసినా కూడా ఇప్పుడు ఇంకా రెండు లక్షలు తక్కువ. పొద్దున బడి ఒక్కటి పోతే సరిపోయేది. పిట్ట బడిని కాపాడబోయి, బడితో పాటు ఇంకొకటి కూడా పోయే స్థితికి తెచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే కాబోలని ఆమెకు ఆ రోజు తెలిసింది.

ఆ రెండు లక్షలు ఎక్కడ దొరుకుతాయా అని ముగ్గురూ రెండున్నర గంటలు వెతికారు. చివరికి మేడం వేలు ఒకచోట ఆగింది. "క్వార్టర్స్‌కి వారానికి ఒకసారి వచ్చే నర్సు. ఏడాదికి రెండు లక్షలు."

ఆ నర్సు వచ్చేది ముఖ్యంగా నానమ్మ రక్తపోటు చూడటానికి. ఆ మాట గోడ దాటి మంచం దాకా వెళ్ళింది. నానమ్మ చేతికర్ర అందుకుంది. నాన్న అడ్డు వెళ్ళేలోపే ముందు గది గుమ్మంలో నిలబడింది.

"ఎవరమ్మా నా బీపీ తీసేసేది?"

"పెద్దమ్మగారూ, ఇది దేశం కోసం" అన్నాడు పెద్దాయన లేచి నిలబడి.

"దేశానికి బీపీ ఉందా నాయనా? నాకుంది. నాది చూడటం మానేస్తే దేశానికి తగ్గుతుందా?"

"అప్పు తగ్గాలి కదండీ."

"ఎంత తగ్గింది ఇప్పటిదాకా?"

 నాన్న నానమ్మ భుజం పట్టుకుని లోపలికి తీసుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టాడు. నానమ్మ ఆయాసపడుతూనే ఉంది. "ఎంత తగ్గిందో చెప్పమంటే నీళ్ళు నములుతారేమిరా? నీళ్ళు కూడా లేవుగా ఇంట్లో, ఏం నములుతున్నారు?"

ఆ ప్రశ్న పిట్టను పట్టుకుంది. ఎంత తగ్గింది? పొద్దున్నుంచీ ఆమె జాబితా చివరే చూసింది, ఫైలు మొదలు చూడలేదు. నకలు తీయడానికి నాన్న విడిగా ఇచ్చిన ఫైలు ఇంకా పీట మీదే ఉంది. మొదటి పేజీలో దేశం అప్పు రాసి ఉంది, తొమ్మిది లక్షల కోట్లు. ఆ కింద చిన్న అక్షరాలతో, దాని మీద రోజుకు కట్టే వడ్డీ. నూట డెబ్బై రెండు కోట్ల ఎనభై లక్షలు.

ఏడాదికి కాదు. నెలకు కాదు. రోజుకు.

పిట్ట నోటుపుస్తకం తీసింది. రోజుకు ఇరవై నాలుగు గంటలు, గంటకు అరవై నిమిషాలు. భాగించింది. శేషం లేకుండా వచ్చింది. నిమిషానికి పన్నెండు లక్షలు. తప్పు చేశానేమోనని మళ్ళీ చేసింది. మళ్ళీ అదే వచ్చింది. ఏడాదంతా ఒక టీచరమ్మ, రెండు గదులు, సుద్దముక్కలు, పందొమ్మిది మంది పిల్లలు, అన్నిటికీ కలిపి తొమ్మిది లక్షలు. వడ్డీకి అది నలభై ఐదు సెకన్లు. నానమ్మ నర్సు పది సెకన్లు. మొత్తం జాబితా, ఏడాది పొడుగునా రెండువందల పన్నెండు చోట్ల కోసి కూడబెట్టే నలభై రెండు కోట్లు, ఐదు గంటల యాభై నిమిషాలు.

ఆమె గోడ గడియారం వైపు చూసింది. సమావేశం పదింటికి మొదలైంది. ఇప్పుడు నాలుగుకు పది నిమిషాలు తక్కువ.

ఏడాది పొదుపు అప్పుడే, ఆ నిమిషంలోనే, అయిపోయింది. వాళ్ళు కూర్చున్న కుర్చీల్లోంచి లేవకుండానే అయిపోయింది.

పిట్ట ఇది కూడా కాగితం మీద రాసింది. మడత పెట్టింది. వంటింట్లోకి పరుగెత్తింది.

"అమ్మా, ఇంకొక్క టీ."

"నీళ్ళేవే?" అంది అమ్మ, బిందె బోర్లించి చూపిస్తూ.

కాగితం పిట్ట చేతిలోనే ఉండిపోయింది. సాసరు లేదు, కప్పు లేదు, టీ లేదు. ముందు గదిలోకి వెళ్ళే దారి తన నోరొక్కటే. ఆ నీళ్ళు ఆపించింది కూడా తనే.

"పోవే" అంది నానమ్మ మంచం మీంచి. "నేను కర్ర పట్టుకుని వెళ్ళొచ్చాను. నీకు రెండు కాళ్ళున్నాయి."

పిట్ట నోటుపుస్తకం కూడా చంకలో పెట్టుకుని వెళ్ళింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది, గడప దాటింది, బల్ల దగ్గర నిలబడింది. ముగ్గురూ తలెత్తి చూశారు. ఆమె చూపు పెద్దాయన చొక్కా గుండీ మీద నిలిపింది, ముఖం వైపు చూస్తే మాట రాదని.

"నిమిషానికి పన్నెండు లక్షలు వడ్డీ అండి. మా బడి నలభై ఐదు సెకన్లు."

"ఏమిటమ్మా?" అన్నాడు పెద్దాయన.

ఆమె కాగితం చాచింది. ఆయన చదివాడు. ఆ అచ్చులాంటి అక్షరాలు చూశాడు, జేబులోంచి మోటారు కాగితం తీసి పక్కన పెట్టి చూశాడు.

"అయితే ఇవి మేడం రాసినవి కావా?"

"మీరు కదా సార్ రాసింది?" అంది మేడం.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పొద్దున్నుంచీ ఇచ్చిపుచ్చుకున్న పొగడ్తలన్నీ తిరిగి ఎవరిది వాళ్ళు తీసుకోవాల్సి వచ్చినట్టుగా, ఇద్దరి ముఖాలూ చిన్నబోయాయి. నాన్న మాత్రం కూతురి వైపు చూస్తున్నాడు. ఆమె కొత్తవాళ్ళ ముందు రెండు వాక్యాలు వరసగా మాట్లాడటం ఆయన ఎన్నడూ చూడలేదు.

"లెక్క సరిగ్గానే ఉంది. నాకు తెలుసమ్మా" అన్నాడు పెద్దాయన.

"తెలుసా అండి?"

"ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. ఈ కోతలతో ఆ అప్పు తీరదు. ఉద్యోగాలు తీసేస్తే జీతాలుండవు, జీతాలు లేకపోతే వాళ్ళు కొనేది ఉండదు, కట్టే పన్ను ఉండదు. కోసినదాంట్లో సగం అలా వెనక్కే పోతుంది. ఉన్నవాళ్ళ దగ్గర పన్ను సరిగ్గా వసూలు చేస్తే తగ్గుతుందేమో. అది మా కమిటీ పని కాదు."

"మరి ఎందుకండీ బడి మూయడం?"

పెద్దాయన కళ్ళజోడు తీసి చెమట తుడుచుకున్నాడు. "అప్పిచ్చేవాళ్ళు చూస్తుంటారమ్మా. మనం మన వేళ్ళు కోసుకుంటున్నామని కనబడితే, పాపం బుద్ధిమంతులు అనుకుంటారు. మళ్ళీ అప్పిస్తారు."

 ఒకసారి విప్పిన పిట్ట నోరు, తెరిచిన కుళాయిలా తనంత తాను మూసుకోలేదు. ఫైలు చివరి పేజీ గుర్తొచ్చింది.

"అయితే కమిటీని తీసేయండి. ఏడాదికి కమిటీ ఖర్చు పద్దెనిమిది లక్షలని రాసుంది. మీకు తక్కువైంది పదకొండే. బడి ఉంటుంది, నర్సు ఉంటుంది, ఇంకా ఏడు లక్షలు మిగులుతాయి."

నాన్న చేతిలోంచి ఫైలు జారి పడింది. మేడం ఎర్ర కలం మూత పెట్టింది. పెద్దాయన మాత్రం కళ్ళు మూసుకుని వేళ్ళ మీద లెక్క వేశాడు, పెదవులు కదిపాడు, తల ఊపాడు.

"వంక పెట్టడానికి లేదు మేడం. ముప్ఫై ఏళ్ళలో నేను విన్న కోతల్లో సొమ్ము నిజంగా మిగిలేది ఇదొక్కటే."

 గుమ్మం అవతల అమ్మ, నానమ్మ ఇంకాస్త దగ్గరికి జరిగారు.

"అది కమిటీ లోపలి విషయం సార్. బయటివాళ్ళ ముందు చర్చించకూడదు. ముందు ఐదింటి లోపు జాబితా వెళ్ళాలి" అంది మేడం.

"అవునవును" అన్నాడు పెద్దాయన. ఆయన పిట్ట నోటుపుస్తకం అందుకుని, అందులోని భాగహారాన్ని ఆప్యాయంగా చూశాడు. "ఎంత చక్కగా చేసిందో చూశారా! మన ఆఫీసులో ఈ లెక్క చేసేవాళ్ళు ఒక్కరు కూడా లేరు. ఏ క్లాసమ్మా?"

"పదో తరగతికి వెళ్ళాలండి" అంది పిట్ట, ఆశగా.

"ఇంత లెక్క వచ్చేశాక ఇంకా బడెందుకమ్మా?" అన్నాడు పెద్దాయన, మెచ్చుకోలుగా. ఆ మాటలో వెటకారం రవ్వంత కూడా లేదు.

మేడం ముఖం ఒక్కసారిగా వెలిగింది. కలం మూత మళ్ళీ తీసింది. "సార్, కారణం గడి పొద్దున్నుంచీ ఖాళీగా ఉంది. ఇప్పుడు దొరికింది." ఆమె చెబుతూ రాసింది. "రెండువందల పన్నెండు. సదరు బడి తన లక్ష్యాన్ని సంపూర్ణంగా నెరవేర్చినందున మూసివేయడమైనది."

సంతకాలు టకటకా పడ్డాయి. పిట్ట నోరు తెరిచింది. ఈసారి ఎంత ప్రయత్నించినా మాట రాలేదు. ఆమె నాన్న వైపు చూసింది. నాన్న ఆమె వైపు చూడలేదు. లేచి వచ్చి, భుజం మీద చేయి వేసి, గడప దాకా నడిపించుకుని వచ్చాడు.

"బాగా చెప్పావు తల్లీ" అన్నాడు, ఇంకెవరికీ వినబడనంత నెమ్మదిగా. "లోపల ఇక కమిటీ సంగతి మాట్లాడుకోవాలి."

తరువాత ఆయన, చప్పుడు కాకుండా, రెక్క మీద అరచేయి ఆనించి, ఆమె ముఖం మీద తలుపు మెల్లగా మూసేశాడు. అలా మూయడానికి నాలుగు సెకన్లు పట్టింది, అంటే ఎనభై వేల వడ్డీ.